జేబులు తిరగేసిన జాకెట్

పొద్దున్నే పనమ్మాయి తలుపు తీసి శవాన్ని చూసింది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా హంతకుడు లాకప్పులో ఉన్నాడు. ఇంత చురుకైన ఇన్‌స్పెక్టరు ఆ డిపార్ట్‌మెంటు మొత్తంలో ఒక్కడే. ఏ కేసైనా సరే, ఆఖరి చుక్క పెట్టి మూసేస్తే తప్ప అతనికి ముద్ద దిగదు. అందుకే వెనకాల అందరూ అతన్ని ఫుల్‌స్టాప్ అంటారు. ఆ పేరు పెట్టింది, అతను కొత్తగా చేరిన రోజుల్లో దగ్గరుండి పని నేర్పిన పై అధికారిణి. అతనేం తక్కువ తిన్నాడా, ఆవిడకి నిదానం అని పేరు పెట్టి లెక్క సరిచేశాడు. ఆవిడ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆ పేరు ఆవిడ వెంటే వచ్చింది. విదిలించుకోవాలని ఆవిడా అనుకోలేదు, నిదానంగా పనిచేయడం తప్పేమీ కాదని ఆవిడ నమ్మకం.

టీచరమ్మ కబురు పెడితే, నిదానం వానలో తడిసి ముద్దై ఆవిడ ఇంటి తలుపు తట్టింది. లాకప్పులో ఉన్న కుర్రాడి తల్లి ఈ టీచరమ్మ. చనిపోయిన పెద్దాయనకి స్వయానా చెల్లెలు. అంటే ఒక్క రోజులోనే అన్న పోయాడు, అన్నని చంపాడని కొడుకుని పట్టుకెళ్ళారు. అలాంటి మనిషి తలుపు తీయగానే ఏడుస్తుందనుకుంది నిదానం. టీచరమ్మ ఏడవలేదు.

"తడిసిపోయారు. ఆ తోలు జాకెట్ ఇలా ఇవ్వండి, ఆరేస్తాను. జలుబు చేస్తుంది" అని విప్పించుకుని లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి తల తుడుచుకోమని ఒక తువ్వాలు, చేతిలో వేడి టీ గ్లాసుతో తిరిగొచ్చింది. ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది.

"మీ అబ్బాయి నిన్న సాయంత్రం వాళ్ళ మామయ్య దగ్గరికి ఎందుకెళ్ళాడు?" అని నిదానం మొదలుపెట్టింది.

"జాకెట్ మోచేతి దగ్గర పగిలింది. మా అన్నయ్యకి తోలు జాకెట్లంటే పిచ్చి కదా, చూపిస్తే సరిచేస్తాడని వెళ్ళాడు."

"మరి గొడవ దేని గురించి?"

"నాకు చెప్పలేదు."

"పోలీసులకీ చెప్పడం లేదట. ఇంటి విషయం అంటున్నాడట. ఈ ఇంట్లో ఉండేది మీరిద్దరే కదండీ."

టీచరమ్మ కిటికీ వైపు చూసింది. "వాడు మొండివాడు. చిన్నప్పట్నుంచీ అంతే."

"మీరెక్కడున్నారు ఆ టైములో?"

"ఇంట్లోనే. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వాడు బాగా చీకటి పడ్డాక వచ్చాడు, జాకెట్ లేకుండా. ఏంట్రా అంటే పలకలేదు. గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు."

నిదానం టీ పూర్తిచేసి గ్లాసు కింద పెట్టింది. "చూడండి టీచర్ గారూ, నేను కేసు తీసుకుంటే ఒకటే షరతు. మీ అబ్బాయిని విడిపించడం నా పని కాదు, చేసిందెవరో కనిపెట్టడం నా పని. అది ఎంతదూరం తీసుకెళ్తే అంతదూరం వెళ్తాను. మధ్యలో మీరు ఆపమన్నా ఆపను."

"వాడు చెయ్యలేదు. అదొక్కటి తేలితే చాలు నాకు."

"అదొక్కటే తేలదండీ. వాడు కాదని తేలాలంటే, ఎవరో కూడా తేలాలి."

టీచరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది. తర్వాత "సరే" అంది.

అప్పుడే ఫోను మోగింది. అవతల ఫుల్‌స్టాప్. "మేడమ్, ఐదింటికి కుర్రాణ్ణి కోర్టులో పెడుతున్నాను. మీరడిగినట్టు హత్య జరిగిన గది చూడాలంటే ఇప్పుడే రండి, తర్వాత సీలు వేసేస్తాం. మీ నిదానం తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా."

నిదానం గబగబా లేచింది. టీచరమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి, మోకాళ్ళని బతిమాలుకుంటున్నట్టు మెల్లగా లేచి, తలుపు పక్కనున్న గొడుగు తీసి చేతికిచ్చింది. జాకెట్ సంగతి వీధి చివరికి వెళ్ళాక గాని నిదానానికి గుర్తు రాలేదు.

* * *

పెద్దాయన ఉన్నది మూడో అంతస్తులో. రిటైరైన ఇంజనీరు, పెళ్ళీ పెటాకులూ లేవు. మనిషికి ఉండాల్సిన ప్రేమంతా తోలు జాకెట్ల మీద పెట్టుకున్నాడు. ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది వాటికిచ్చి, తను చిన్న గదిలో పడుకునేవాడు. ఒక గోడ పొడుగునా అద్దాల బీరువా. అందులో వెడల్పాటి భుజాలున్న చెక్క హ్యాంగర్ల మీద, ఒకదానికొకటి తగలకుండా, నూలు ముసుగులు వేసుకుని జాకెట్లు నిలబడి ఉన్నాయి. వాటి చివర ఒక హ్యాంగరు ఖాళీగా ఉంది. ఎండ పడకుండా కిటికీకి మందపాటి తెర. గదిలో తేనెమైనం వాసన. మధ్యలో పొడుగాటి పనిబల్ల, దాని మీద మైనం డబ్బాలు, గుర్రపు వెంట్రుకల బ్రష్షు, మడతపెట్టిన తెల్ల తువ్వాళ్ళు. బల్లకి ఇనుప అంచు. ఆ అంచు కింద నేల మీద సుద్దతో గీసిన మనిషి గీత.

"రండి మేడమ్" అన్నాడు ఫుల్‌స్టాప్, గడియారం చూసుకుంటూ. "పొద్దున మా కానిస్టేబుల్ రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? గదిలో ఒక జాకెట్టు దొరికింది అని. ఆ ఒక్క టు వల్ల స్టేషనంతా ఎవరో ఆడమనిషి వ్యవహారమని చెవులు కొరుక్కున్నారు. తీరా చూస్తే ఇదీ."

తలుపు వెనక మేకుకి వేలాడుతోంది ఆ జాకెట్. ముదురు గోధుమరంగు తోలు, బాగా పాతది, ఇంకా కాస్త చెమ్మగా ఉంది. వచ్చేపోయేవాళ్ళ రెయిన్‌కోట్ల కోసం అక్కడ సన్నటి తీగ హ్యాంగర్లు కొన్ని తగిలించి ఉన్నాయి. జాకెట్ వాటిలో ఒకదాని మీదే ఉంది. కానీ ఆ తీగ చుట్టూ, భుజానికొకటి చొప్పున, రెండు తెల్ల తువ్వాళ్ళు గట్టిగా చుట్టి, వాటి కొసలు మెడ దగ్గర అడ్డంగా దాటించి దోపి ఉన్నాయి. కాలరు నిలబెట్టి ఉంది. మణికట్ల దగ్గర జిప్పులు తెరిచి ఉన్నాయి. జేబుల లోపలి గుడ్డ నాలుకల్లా బయటకు లాగి ఉంది.

"కేసు చెప్పనా, మీరే చూస్తారా?" అన్నాడు ఫుల్‌స్టాప్.

"చెప్పు. నీ నోటితో వింటే కన్నాలు తొందరగా కనిపిస్తాయి."

అతను నవ్వలేదు. "కుర్రాడు వానలో వచ్చాడు. గొడవైంది. కింద అంతస్తులో పళ్ళ డాక్టరు అరుపులు విన్నాడు. తోశాడు, ముసలాయన తల ఈ ఇనుప అంచుకి తగిలింది, పోయాడు. కుర్రాడేమో జాకెట్ మామయ్య మొహాన విసిరికొట్టి వెళ్ళిపోయానని, అప్పటికాయన బతికే ఉన్నాడని అంటున్నాడు. ఇక్కడ చూస్తే జాకెట్ బుద్ధిగా వేలాడుతోంది. అంటే అబద్ధం. ఒక్క అబద్ధం దొరికాక మిగతావి వెతుక్కోనక్కర్లేదు."

నిదానం నేల మీద గొంతుక్కూర్చుంది. చెక్క నేల, మైనం పాలిష్‌తో అద్దంలా మెరుస్తోంది. బల్ల పక్కన మాత్రం ఒకచోట మెరుపు చచ్చి తెల్లగా మారింది. ఆవిడ వేలితో రాసి చూసింది. పోలేదు.

"మైనం పాలిష్ మీద నీళ్ళు నిలబడితే ఇలా తెల్లబారుతుంది. హ్యాంగరు కింద చూడు, బొట్లు పడ్డ చిన్న మచ్చ. ఇక్కడ చూడు, జాకెట్ చేతులు బారచాపి పడుకున్నంత మచ్చ. ముందు ఇది ఇక్కడ పడింది, తర్వాత అక్కడికెళ్ళింది. కుర్రాడు విసిరింది నిజమే."

"అయితే ముసలాయనే తీసి తగిలించి ఉంటాడు. జాకెట్లంటే ప్రాణం కదా. తర్వాత కుర్రాడు వెనక్కొచ్చాడు, గొడవ మళ్ళీ మొదలైంది."

"ప్రాణంగా చూసుకునేవాడు ఈ తీగకా తగిలిస్తాడు? బీరువాలో హ్యాంగరు ఖాళీగా ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడ దొరికింది?"

ఫుల్‌స్టాప్ తన పుస్తకం తిరగేశాడు. "శవం మొలతాడుకి."

"అదీ సంగతి. ఆయన కాళ్ళ మీద నిలబడి ఉంటే బీరువా తెరిచి మంచి హ్యాంగరు తీసేవాడు. ఇది చేసినవాళ్ళకి తాళం దొరకలేదు, ఉన్నదానితో సర్దుకున్నారు. అంటే ఆయన పడిపోయాక ఈ జాకెట్‌ని ఎవరో తుడిచి ఆరేశారు."

"శవాన్ని పక్కన పెట్టుకుని బట్టలారేస్తారా ఎవరైనా?"

"ఆరేశారు. నువ్వూ చూస్తున్నావు, నేనూ చూస్తున్నాను."

"నేను చూస్తున్నది జేబులు మేడమ్. లోపలి గుడ్డ ఎలా బయటకొచ్చిందో చూడండి. బండి తాళం, ఫోను గబగబా లాక్కుని పారిపోయాడు. ఎంత సింపుల్ విషయాన్నైనా సాగదీయడం మీకు అలవాటు."

"గబగబా పారిపోయేవాడు మణికట్టు జిప్పులు తెరిచి, కాలరు నిలబెట్టి వెళ్ళాడా? నీ కుర్రాణ్ణే అడుగు, ఇలా నువ్వే తగిలించావా అని. ఫొటో చూపించి మొహం చూడు. వాడికి ఇదేంటో కూడా అర్థం కాదు."

"చూపిస్తాను" అన్నాడు ఫుల్‌స్టాప్. ఫోను తీసి జాకెట్‌ని రెండు పక్కల నుంచి ఫొటోలు తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మీ దగ్గర పని నేర్చుకున్నాను, కాదనను. కానీ మీరు కేసు తేల్చేలోపు నేను రిటైరవుతాను. ఐదింటికి కోర్టు." అతని బూట్ల చప్పుడు మెట్ల మీద దడదడా దిగిపోయింది.

నిదానానికి ఒళ్ళు మండింది. కానీ ఒళ్ళు మండినప్పుడు ఇంకా నెమ్మదించడం ఆవిడ అలవాటు. కుర్చీ లాక్కుని, జాకెట్‌కి ఎదురుగా కూర్చుని, పళ్ళ డాక్టరుని పైకి రమ్మని కబురు పెట్టింది.

* * *

పళ్ళ డాక్టరు పెద్దాయన ఈడువాడే. ఆయనా జాకెట్ల పిచ్చివాడే. కుట్ల మధ్య దుమ్ము తీయడానికి పళ్ళు తోముకునే బ్రష్షే మేలని ప్రచారం చేసేది ఈయనే. గదిలో అడుగుపెట్టి సుద్ద గీతని చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"మీకూ ఆయనకీ మాటల్లేవట" అంది నిదానం.

"ఆర్నెల్లుగా లేవు."

"ఎందుకని?"

"నూనె గురించి." డాక్టరు చాలా గంభీరంగా చెప్పాడు. "తోలుకి ప్రతి ఋతువుకీ నూనె పట్టించాలని నేనంటాను. దాహం వేసినప్పుడే పట్టించాలి, ఊరికే పోస్తే మెత్తబడి కుట్లు కుళ్ళిపోతాయని వాడంటాడు. మా జాకెట్లవాళ్ళంతా కలిసినప్పుడు నలుగురిలో నా జాకెట్ పట్టుకుని, దీన్ని ఊరబెట్టావురా అన్నాడు. ఇక మాట్లాడలేదు."

"మనిషిని చంపడానికి అది చాలదా?"

"మా వాళ్ళలో చాలు" అన్నాడు డాక్టరు. అన్నాక ఆ మాట ఎలా వినిపించిందో తెలిసి తత్తరపడ్డాడు. "నేను కాదమ్మా. వాడితో పోట్లాట లేకపోతే నాకు పొద్దుపోదు."

"నిన్న ఏం విన్నారు?"

"ముందు కుర్రాడి గొంతు. పోయాడు పోయాడు అన్నారు కదా, ఎక్కడికి పోయాడు అని అరిచాడు. వాళ్ళ మామయ్యేదో గొణిగాడు. తర్వాత కుర్రాడు మెట్ల మీద దడదడా దిగాడు. కాసేపయ్యాక ఇంకెవరో ఎక్కారు. మెల్లగా, మెట్ల మలుపు దగ్గరల్లా ఆగుతూ. కొంతసేపటికి అలాగే ఆగి ఆగి దిగారు."

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను. కుర్రాడే మనసు మార్చుకుని వెనక్కొచ్చి ఉంటాడు, తటపటాయిస్తూ ఎక్కి ఉంటాడు అని రాసుకున్నాడు ఆ ఇన్‌స్పెక్టరు."

"మీరు తలుపు తీసి చూడలేదా?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "తీస్తే మావాడు ఎదురుపడి పలకరిస్తాడేమోనని భయం. పలకరిస్తే బావుండుననీ ఉంది. ఏదైతేనేం, తీయలేదు. తీసి ఉంటే వాడు బతికేవాడేమో." ఆయన కళ్ళజోడు అద్దాలు ఎంత తుడిచినా తేటపడలేదు, తడిసింది అద్దాలు కాదు కాబట్టి.

నిదానం తలుపు వెనక జాకెట్ చూపించింది. "ఇది మీవాళ్ళ పనేనా?"

డాక్టరు దగ్గరికెళ్ళాడు. దుఃఖం ఒక పక్కకి జరిగి పిచ్చి ముందుకొచ్చింది. ముట్టుకోవచ్చా అని కళ్ళతోనే అడిగి, జాకెట్ చేతిలోపలికి వేళ్ళు పోనిచ్చి చూశాడు.

"పని మంచిదే. తడి తోలుకి మంట దగ్గర వేడి తగిలినా, ఎండ తగిలినా అట్టలా బిగుసుకుపోతుంది. అందుకని నీడలో, గాలి ఆడేచోట ఆరేశారు. భుజాలు కుంగకుండా తువ్వాళ్ళు చుట్టారు. చేతిలోకి గాలి పోవాలని మణికట్టు జిప్పులు తెరిచారు. ముందు పొడిగుడ్డతో అద్ది నీళ్ళు తీశారు, రుద్దలేదు. రుద్ది ఉంటే మరకలు తేలేవి. అన్నీ సరిగ్గానే చేశారు, కానీ ఇది మా పద్ధతి కాదు."

"తేడా ఎక్కడుంది?"

"జేబుల్లో. మేమైతే జేబుల్లో తెల్ల కాయితం కూరి పెడతాం. తేమ మెల్లగా పీలుస్తుంది, జేబు ఆకారం చెడదు. మాకేం తొందర, బీరువాలో ఇంకా పది ఉన్నాయి. ఇలా జేబు నాలుక బయటకు లాగితే గుడ్డ సాగిపోతుంది, కానీ తెల్లారేసరికి ఆరుతుంది. ఉన్నది ఒక్కటే జాకెట్, పొద్దున్నే మళ్ళీ వేసుకుని పనికి వెళ్ళాలి, ఇంట్లో మంచి హ్యాంగరు కూడా లేదు. అలాంటి ఇంట్లో నేర్చుకున్న చెయ్యి ఇది. ఒకసారి చేసిన చెయ్యి కాదు. రెండు భుజాలకీ చుట్లు ఎంత సమంగా వచ్చాయో చూడండి."

జేబులు ఎవరూ వెతకలేదన్నమాట. నిదానం జాకెట్‌కి ఇంకాస్త దగ్గరగా వచ్చింది. "ఈ జాకెట్ కుర్రాడికి పెద్దాయన కొనిచ్చిందేనా?"

"కొన్నది కాదమ్మా. మోచేతి ముడతలు చూడండి, కుర్రాడి మోచేతికి రెండంగుళాలు కిందకున్నాయి. ఎవరో పొడుగు చేతులవాడు ఏళ్ళతరబడి వేసుకుంటే పడ్డ ముడతలివి. తోలుకి మొదటి మనిషే గుర్తుంటాడు. ఇది కుర్రాడి నాన్నది. బండి మీద ఊళ్ళు తిరిగే ఉద్యోగం అతనిది. కుర్రాడి భుజాలు దీనికి సరిపోయేదాకా మావాడు దాచి, ఏటా చూసుకుని, మొన్నీమధ్యే ఇచ్చాడు. కుర్రాడు దీన్ని బండి మీద ఎండలో వదిలేసి మోచెయ్యి పగలగొట్టాడు. తిట్టకుండా ఎలా ఉంటాడు?"

"ఆ నాన్న ఏమయ్యాడు?"

"పోయాడని విన్నాను."

నిదానం లేచి నిలబడింది. పోయాడు పోయాడు అన్నారు కదా, ఎక్కడికి పోయాడు. చచ్చిపోయినవాణ్ణి ఎక్కడికని అడగరు. ఆలోచన ఎటు వెళ్తోందో తెలుస్తోంది, అటు వెళ్ళాలని లేదు. గంట కిందటే ఆ మనిషి ఇచ్చిన తువ్వాలుతో తల తుడుచుకుంది, ఆ మనిషి గొడుగే ఇప్పుడు చేతిలో ఉంది.

"చలేస్తోందా?" అన్నాడు డాక్టరు. "జాకెట్ వేసుకురాలేదేం?"

"ఆరేశారు" అంది నిదానం. ఆ మాట తన చెవిన పడ్డాక మెట్ల వైపు నడిచింది.

* * *

టీచరమ్మ ఇంటి తలుపు తెరిచే ఉంది. వాన వెలిసింది. టీచరమ్మ అదే కుర్చీలో, అదే అంచున కూర్చుని ఉంది.

"నా జాకెట్ కోసం వచ్చాను" అంది నిదానం.

"ఇంకా ఆరలేదమ్మా. రేపు పంపిస్తానులెండి." టీచరమ్మ లేవబోయింది.

"మీరు లేవకండి. మీ మోకాళ్ళకి ఎందుకు శ్రమ, నేనే తెచ్చుకుంటాను."

ఆ మాటకి టీచరమ్మ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

వెనక గదిలో, గాలి ఆడే కిటికీ పక్కన, నిదానం జాకెట్ వేలాడుతోంది. ఏళ్ళతరబడి ఎవరూ చూసుకోని జాకెట్, ఇంత మర్యాద దానికి ఎప్పుడూ జరగలేదు. తీగ హ్యాంగరు చుట్టూ పసుపుపచ్చ తువ్వాళ్ళు రెండు, కొసలు మెడ దగ్గర అడ్డంగా దాటించి దోపి ఉన్నాయి. కాలరు నిలబెట్టి ఉంది. మణికట్ల జిప్పులు తెరిచి ఉన్నాయి. జేబులు రెండూ నాలుకలు చాపినట్టు బయటకున్నాయి. జేబుల్లోని పెన్ను, చిల్లర, నలిగిన బస్సు టికెట్టు కిటికీ గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. నిదానం దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు నిలబడింది. కానిస్టేబుల్ అదనంగా రాసిన ఆ టు గుర్తొచ్చింది, నవ్వు రాలేదు.

ఫోను మోగింది.

"మేడమ్, మీరు గెలిచారు, నేనూ గెలిచాను" అన్నాడు ఫుల్‌స్టాప్. గొంతులో పండగ. "మీరు చెప్పినట్టే ఫొటో చూపించాను. పొద్దుట్నుంచీ చెయ్యలేదు, చెయ్యలేదు అని గింజుకున్నవాడు, ఆ ఫొటో చూసి మాట పడిపోయి కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి, నేనే తోశాను, నేనే ఆరేశాను అన్నాడు. సంతకం కూడా పెట్టేశాడు. ఫుల్‌స్టాప్."

నిదానం ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. టీచరమ్మ గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరు?"

"ఇన్‌స్పెక్టరు. మీ అబ్బాయికి జాకెట్ ఫొటో చూపించారు. అది ఎలా ఆరేసి ఉందో చూడగానే చేసింది తనేనని ఒప్పేసుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో గుర్తుపట్టాడు."

టీచరమ్మ గోడ వెంట జారి కూర్చుండిపోయింది. పొద్దుటి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. శబ్దం లేకుండా వచ్చింది. నిదానం ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. ఓదార్చలేదు, ఓదార్చే హక్కు తనకి లేదనిపించింది.

"నేను వాడికి అబద్ధం చెప్పలేదమ్మా" అంది టీచరమ్మ చివరికి. "వాళ్ళ నాన్న ఇంకో సంసారం చూసుకుని వెళ్ళిపోయాడు. వీడు మాటలు నేర్చుకునే వయసులో నాన్నేడి అని అడిగితే, పోయాడు అన్నాను. చచ్చిపోయాడని అర్థం చేసుకున్నాడు. నేను దిద్దలేదు. పిల్లల పేపర్లలో అన్ని తప్పులు దిద్దుతాను, అదొక్కటి దిద్దలేదు."

"మీ అన్నయ్య దిద్దారు."

"మోచెయ్యి పగిలిందని కోపమొచ్చి నోరు జారాడు. మీ నాన్నా ఇంతే, ఉన్నదాన్ని చూసుకోవడం చేతకాక వదిలేసి పోయాడు అన్నాడు. అబ్బాయి నాకు రోడ్డు మీద నుంచి ఫోను చేశాడు. నాన్న బతికే ఉన్నాడటగా అని పెట్టేశాడు. నేను మా అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తాననుకున్నాను, ఈ కాళ్ళతో. ఎందుకు చెప్పావని అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు తెలియాల్సిందే కదా అన్నాడు తాపీగా. తోశాను. ఒక్కసారే. పిలిచాను, పలకలేదు. మెడ మీద చెయ్యి పెట్టి చూశాను."

"తర్వాత?"

"కింద జాకెట్ పడి ఉంది, నీళ్ళు కారుతూ. నాకింక ఏమీ గుర్తులేదు. మా ఆయన రోజూ తడిసి వచ్చేవాడు, ఆ ఒక్క జాకెట్టే ఉండేది, తెల్లారేసరికి ఆరకపోతే పనికి వెళ్ళలేడు. నా చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తెలివొచ్చింది, ఎవరి జాకెట్ ఎక్కడ వదిలొచ్చానో. వెనక్కి వెళ్ళే ధైర్యం లేకపోయింది. తెల్లారాక పోలీసులు వచ్చి వాణ్ణి పట్టుకెళ్ళారు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు ఎవరూ చేయలేదని తేలుస్తారనుకున్నాను. కాలు జారి పడ్డాడని. మీరు ఇందాక ఆ షరతు పెట్టినప్పుడే నాకర్థమైంది, మీరు అలా వదిలే మనిషి కాదని."

"అయినా సరే అన్నారు."

"వాడు లోపలున్నాడు కదమ్మా."

నిదానం గడియారం చూసింది. ఐదింటికి ఇంకా టైముంది, మరీ ఎక్కువ లేదు. ఫోను తీసి నంబరు నొక్కింది. "ఫుల్‌స్టాప్, నువ్వు పెట్టిన చుక్క చెరిపెయ్. కుర్రాణ్ణి కోర్టుకి బయలుదేరదీయకు. మేం వస్తున్నాం."

"మేం అంటే ఎవరెవరు మేడమ్?"

"మీ కానిస్టేబుల్ రాసిందే నిజం, జాకెట్టు దొరికింది. ఆవిడా, నేనూ."

టీచరమ్మ అప్పటికే లేచింది. కిటికీ దగ్గరికెళ్ళి జాకెట్ దించింది. తువ్వాళ్ళు విప్పి మడతపెట్టింది. జేబులు ఒక్కొక్కటే లోపలికి తోసి, పెన్ను, చిల్లర, టికెట్టు ఎక్కడివక్కడ పెట్టింది. నిదానం భుజాల మీద జాకెట్ కప్పి, కాలరు సరిచేసింది. "మెడ దగ్గర తోలు ఎండిపోయింది, కాస్త నూనె పట్టించండి. పూర్తిగా ఆరాకే, ముందు కాదు" అని చెప్పింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"అక్కడ నన్ను వాడితో మాట్లాడనివ్వకపోతే మీరు చెప్పాలి. అమ్మ పోయిందని మాత్రం అనకండి" అంది టీచరమ్మ. "ఎక్కడికి పోయిందో కూడా చెప్పండి."